గద్ద గాలిలో నిలబడుతుంది, మాత్ కూడా నిలబడుతుంది: రెండూ చేసేది ఒకే పనేనా?

అమ్మా, నమస్తే. మధురవాడలో మీ మేడ మీద నూరువరహాల కుండీ ముందు బొటనవేలంత పచ్చటి జీవి ఒకటి గాలిలో నిలబడి తేనె తాగుతోందని, మీ అబ్బాయి అది హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పక్షే అని పట్టుబడుతున్నాడని రాశారు. అదే వారంలో కాలనీ వెనక ఖాళీ ప్లాట్ల మీద తెల్లటి గద్దలాంటి పక్షి కూడా ఉన్నచోటే రెక్కలాడిస్తూ నిలబడిందట. రెండూ చేసేది ఒకటేనా, ఏది మొనగాడు అని అడిగారు. నేను ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం ఈ విశాఖ కొండల చుట్టూ పక్షుల్నీ పురుగుల్నీ చూస్తూ తిరిగాను. మీ ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. ఒకప్పుడు నేనే తరగతిలో ఈ రెండూ చేసేది ఒకే పని అని చెప్పాను. అది తప్పు. ఎందుకు తప్పో నాకు తెలిసింది ఎర్రమట్టి దిబ్బల దగ్గర. ఆ సంగతికి వస్తాను.

ముందు మీ అబ్బాయి మాట. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మన దేశంలో ఎక్కడ చూశామన్నా అది తేనెపిట్టో, సీతాకోకచిలుకకి చుట్టమైన హాక్ మాత్ అనే పురుగో అయివుంటుంది. పిల్లవాణ్ణి మాత్రం కోప్పడకండి. 19వ శతాబ్దంలో అమెజాన్ అడవుల్లో ఏళ్ల తరబడి తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ అంతటివాడు కూడా హమ్మింగ్‌బర్డ్ అనుకుని హాక్ మాత్‌ని కాల్చిన సందర్భాలున్నాయి. తేనెపిట్టకైతే ముక్కు, తోక, ఈకలు స్పష్టంగా కనిపిస్తాయి, ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది. మీరు చూసినదానికి రెక్కలు అద్దంలా ఉన్నాయన్నారు. ఒళ్లు పచ్చగా ఉండి నడుం దగ్గర ఎర్రమట్టి రంగు పట్టీ, చివర నల్లటి కుచ్చు ఉంటే అది సెఫనోడిస్ హైలాస్. కాఫీ బీ హాక్ మాత్ అని కూడా అంటారు. రెక్కలు చాపితే చివర నుంచి చివరకి ఐదారు సెంటీమీటర్లు. గూటి నుంచి బయటపడినప్పుడు దాని రెక్కల మీద కూడా మిగతా మాత్‌లకి ఉన్నట్టే బూడిదరంగు పొడి ఉంటుంది. మొదటిసారి రెక్కలు గట్టిగా ఆడించగానే ఆ పొడంతా రాలిపోయి అద్దం బయటపడుతుంది.

మాత్‌ని తెలుగు పాఠాల్లో చిమ్మట అని రాస్తారు. మనవైపు చిమ్మట అంటే రాత్రిపూట కీచుమనేది అని చాలామంది అనుకుంటారు కాబట్టి నేను మాత్ అనే రాస్తాను.

ఇక ఆ తెల్లటి పక్షి. భుజం మీద నల్లటి మచ్చ, ఒంటి మీద తెలుపూ బూడిదరంగూ, దగ్గరగా చూడగలిగితే ఎర్రటి కళ్లు. పాత పక్షిశాస్త్రం రాతల్లో దీన్ని తెలుగువాళ్లు అడవి రామదాసు అంటారని ఉంది. ఆ పేరు నాకెంతో ఇష్టం. కాకికంటే కాస్త చిన్నది, రెక్కలు మాత్రం పొడుగు. చలికాలంలో కెస్ట్రెల్ అనే ఇటుకరంగు డేగ కూడా మన ప్రాంతానికి వలస వచ్చి సరిగ్గా ఇలాగే నిలబడుతుంది. మీరు తెల్లగా అన్నారు కాబట్టి మీది రామదాసే. ఈ రెండు పక్షులూ దగ్గరి చుట్టాలు కావు. డీఎన్ఏ పరీక్షల్లో కెస్ట్రెల్ జాతి పక్షులు గద్దలకంటే రామచిలుకలకి దగ్గర అని తేలింది. అంటే గాలిలో నిలబడి వేటాడే విద్యను పక్షుల్లోనే రెండు వంశాలు వేర్వేరుగా నేర్చుకున్నాయి. మాత్‌తో వాటి బంధుత్వం ఇంకెంత దూరమో చెప్పక్కర్లేదు. పక్షి రెక్క అంటే చెయ్యే, మోచెయ్యీ మణికట్టూ అన్నీ ఉంటాయి. పురుగు రెక్కలో ఎముకా లేదు, కండా లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక డిసెంబరు రోజు ఎర్రమట్టి దిబ్బల అంచున కూర్చుని పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే రామదాసుని చూశాను. పొద్దున నేల చల్లగా ఉండి గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదకి మెల్లగా వీస్తోంది. పక్షి నిలబడినప్పుడల్లా దాని ముక్కు కొండల వైపే ఉంది. తొమ్మిది దాటాక గాలి పూర్తిగా పడిపోయింది. పక్షి వెళ్లి కరెంటు తీగ మీద కూర్చుంది. తోక పైకీ కిందకీ ఆడిస్తూ చాలాసేపు అక్కడే ఉంది. ఒకట్రెండు సార్లు లేచి నిలబడబోయింది కానీ రెక్కలు తెగ కొట్టుకుని నాలుగైదు క్షణాల్లో మానేసింది. పొద్దెక్కి సముద్రపు గాలి మొదలయ్యాక మళ్లీ లేచింది. ఈసారి ముక్కు సముద్రం వైపు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పక్షి నిలబడటం లేదు, ఎగురుతోంది. గాలి ఎంత వేగంతో ఎదురొస్తోందో సరిగ్గా అంతే వేగంతో ముందుకి ఎగురుతోంది. గోదావరిలో పడవవాడు ప్రవాహానికి ఎదురు తెడ్డు వేస్తూ ఒకే రేవుకి ఎదురుగా ఉండిపోవడం చూశారా? ఒడ్డు మీదున్నవాడికి పడవ ఆగినట్టు ఉంటుంది, నీటికి మాత్రం తెలుసు అది నడుస్తోందని.

అందుకే రామదాసుకి గాలి కావాలి. ఎదురుగాలి రెక్క మీదుగా పారుతుంటే బరువు మోసే పని సగం గాలే చేస్తుంది. గాలి బాగా కుదిరిన రోజు కెస్ట్రెల్ రెక్క ఆడించకుండా కూడా వేలాడుతుంది, దారంలేని గాలిపటంలాగ. గాలి తగ్గేకొద్దీ రెక్కలు ఎక్కువ ఆడించాలి, తోక విసనకర్రలా విప్పుకోవాలి. గాలి పూర్తిగా ఆగితే ఆ ఒంటి బరువుని ఎక్కువసేపు మోయడం దానివల్ల కాదు. పాతిక తులాల బరువున్న పక్షి రెక్క సెకనుకి కొన్నిసార్లే కొట్టుకుంటుంది. రెక్క కిందకి కొట్టినప్పుడే దానికి ఒంటిని పైకి మోసే బలం దొరుకుతుంది, పైకి తీసుకునేటప్పుడు రెక్క సగం ముడుచుకోవాలి. కదలని గాలిలో ఆ లెక్క దానికి గిట్టుబాటు కాదు. నిశ్చలమైన గాలిలో పువ్వు నుంచి పువ్వుకి నిలబడి తాగగలిగే హమ్మింగ్‌బర్డ్‌లలో అన్నిటికంటే పెద్దది కూడా 20 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. ఈ విద్య చిన్న ప్రాణులది.

మీ హాక్ మాత్ ఆ చిన్న ప్రాణుల కోవలోది. దానికి ఏ గాలీ అక్కర్లేదు, తన గాలి తనే పుట్టిస్తుంది. ఈసారి అది పువ్వు ముందు నిలబడినప్పుడు దాన్ని కాకుండా దాని కింద ఉన్న పూరేకుల్ని చూడండి, సన్నగా వణుకుతుంటాయి. రెక్కలు కిందకి తోసే గాలి అది. రామదాసు కింద గడ్డి మీద మీకు అలాంటిదేమీ కనిపించదు.

దాని రెక్క ముందుకి వెళ్లేటప్పుడూ, వెనక్కి వచ్చేటప్పుడూ కూడా ఒంటిని పైకి మోసే బలం పుట్టిస్తుంది. ప్రతి కొసనా రెక్కని తిరగేస్తుంది. చెరువులో నిలబడి అరచేతిని అటూ ఇటూ తిప్పుతూ నీళ్లు తోస్తే ఒళ్లు తేలుతుంది కదా, దాదాపు ఆ పని. ముందు రెక్కనీ వెనక రెక్కనీ చిన్న ముల్లులాంటి కొక్కెం కలిపి ఉంచుతుంది, అందుకే నాలుగు రెక్కలున్నా రెండులాగే పనిచేస్తాయి. అయినా పాత లెక్కల ప్రకారం చూస్తే అంత చిన్న రెక్క అంత బరువు మోయకూడదు. ఆ చిక్కుని 1996లో కేంబ్రిడ్జిలో చార్లెస్ ఎలింగ్టన్ బృందం విప్పింది. పొగాకు మొక్కల మీద పెరిగే పెద్ద హాక్ మాత్‌ని పొగలో ఎగరనిచ్చి, దాని రెక్కలకి పెద్ద నమూనా యంత్రం కూడా చేసి చూశారు. రెక్క ముందంచు వెంట ఒక చిన్న సుడి పుట్టి, మెలికలు తిరుగుతూ రెక్క మొదలు నుంచి కొస వైపు సాగుతోంది. ఆ సుడి రెక్కని పైకి పీలుస్తుంది. మామూలుగా అంత నిటారుగా తిప్పిన రెక్క మీద గాలి చెదిరిపోయి ఎగిరేది కూలిపోవాలి. సుడి జారిపోయేలోపే మాత్ రెక్కని తిరగేసి మళ్లీ కొత్త సుడి పుట్టిస్తుంది. ఆ పొగాకు మాత్ రెక్క సెకనుకి 25 సార్లు కొట్టుకుంటుంది. పగలు తిరిగే చిన్న జాతుల్లో ఇది 70, 80 దాకా వెళుతుంది. ఈగ, తేనెటీగ కండరాలు ఒక్క నరం సంకేతానికి పలుమార్లు కొట్టుకుంటాయి. మాత్‌కి ఆ సౌకర్యం లేదు, ప్రతి దెబ్బకీ నరం నుంచి కొత్త ఆజ్ఞ రావాలి. సెకనుకి అన్ని ఆజ్ఞలు! ఇది మొదట చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకోటి. గాలిలో తూలకుండా ఉండటానికి దాని దగ్గర ఉన్న సాధనం తల మీది మీసాలు. వాసన చూడటానికే అని మనం అనుకునే ఆ మీసాల మొదట్లో, ఒళ్లు ఏమాత్రం ఒరిగినా పసిగట్టే అవయవం ఉంది. ఇప్పుడు బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తున్న సంజయ్ సానే, ఆయన సహచరులు 2007లో దీన్ని నిరూపించారు. మీసాలు తీసేస్తే మాత్ గోడలకి గుద్దుకుంది, వెనక్కి ఎగిరింది, పడిపోయింది. అవే మీసాలు జిగురుతో తిరిగి అంటిస్తే మళ్లీ కుదురుగా ఎగిరింది. వాసన నరాలు తెగిపోయాయి కాబట్టి తిరిగొచ్చింది వాసన కాదు. మీసం బరువు దాని మొదలు దగ్గర కలిగించే ఒత్తిడే దానికి కావలసింది.

మరి గద్దకి మీసాలు లేవు కదా, అది దేనితో కుదురుగా ఉంటుంది? దీనికి జవాబు మీ అమ్మమ్మగారి ఊళ్లో మీరు చూసే ఉంటారు. కోడిని రెండు చేతులా పట్టుకుని ఒళ్లు అటూ ఇటూ ఊపితే దాని తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. మనకి మెడలో ఏడు వెన్నుపూసలైతే పక్షులకి దాదాపు రెట్టింపు, కొన్నిటికి ఇంకా ఎక్కువే. పక్షి కన్ను గూటిలో మన కన్నులా తిరగదు, కాబట్టి చూపు నిలవాలంటే తలే నిలవాలి. 1980లలో నెదర్లాండ్స్‌లో గాలిలో నిలబడ్డ కెస్ట్రెల్‌ని చిత్రీకరించి కొలిచారు. ఒళ్లు, రెక్కలు, తోక గాలి తోపులకి ఎంత ఊగినా తల కొన్ని మిల్లీమీటర్ల లోపలే ఉంది.

నా దృష్టిలో రెండింటికీ ఉన్న అసలు తేడా ఇదే. గద్ద కదలకుండా ఉంచేది తన కన్నుని. మాత్ కదలకుండా ఉంచేది తనకీ పువ్వుకీ మధ్య దూరాన్ని. గడ్డిలో ఎలుక కదిలిందో లేదో ఎత్తు నుంచి తెలియాలంటే చుట్టూ ఉన్న గడ్డంతా కంటిలో స్థిరంగా ఉండాలి. కన్నే కదిలితే లోకమంతా కదిలినట్టుంటుంది, ఎలుక అందులో కలిసిపోతుంది. అందుకని గద్ద నేలకి కట్టుబడి ఉంటుంది. మాత్‌కి నేలతో పనిలేదు. గాలికి నూరువరహాల గుత్తి ఊగితే అది కూడా గుత్తితోపాటు ఊగాలి, లేకపోతే తొండం పువ్వులోంచి ఊడిపోతుంది. కాబట్టి గాలి వీచే రోజున గమనించండి, మీ మాత్ నిలబడి లేదు, పువ్వుతో కలిసి ఊయల ఊగుతోంది. పొగాకు మాత్ మీద 2015లో వచ్చిన పరిశోధనలో, పూలు ఊగే వేగం ఎక్కువగా సెకనుకి రెండు ఊపుల లోపే ఉంటుందనీ, మసక వెలుతురులో కూడా మాత్ ఆ వేగాన్ని తప్పకుండా అందుకుంటుందనీ తేలింది.

కళ్ల విషయంలో మాత్రం పోటీయే లేదు. గద్దజాతి పక్షుల కంటిలో చూపు పదునుగా ఉండే గుంటలు రెండేసి ఉంటాయి, మనకి ఒకటే. ఒకటి పక్కకి దూరంగా చూడటానికి, ఇంకోటి ముందుకి. పెద్ద డేగల చూపు మనకంటే రెట్టింపు పైనే పదును. మీ మాత్‌కి దాయాది అయిన మరో పగటి హాక్ మాత్ కంటిని కొలిస్తే, చెయ్యి చాపి చిటికెనవేలి గోరుని చూసినప్పుడు అది ఎంత జాగా ఆక్రమిస్తుందో దాదాపు అంత జాగాని అది ఒక్క చుక్కగా చూస్తుందని తేలింది. అయితే మనకి కనపడని అతినీలలోహిత రంగు దానికి కనిపిస్తుంది, ఏ రంగు పువ్వులో తేనె ఉందో నేర్చుకుని గుర్తు పెట్టుకుంటుంది. ఎలుక మూత్రం అతినీలలోహితంలో మెరుస్తుందని, దాన్ని చూసి గద్దలు ఎలుక దారులు పడతాయని మీరు ఎక్కడైనా చదివితే నమ్మకండి. 1995లో ఫిన్లాండ్ వాళ్లు చెప్పిన మాట అది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు గద్దల కంటి కటకం ఆ వెలుగుని చాలావరకు ఆపేస్తుందని, ఆ మూత్రం కూడా అంత ప్రత్యేకంగా ఏమీ కనపడదని చూపించారు. ఇంకా పాఠ్యపుస్తకాల్లో ఆ పాత మాటే తిరుగుతోంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇంత తేడా ఉన్న రెండింటికీ ఒక పోలిక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వేడి. పక్షి ఒంటివేడి 40 డిగ్రీలకి అటూ ఇటూ. పురుగు చల్లని ప్రాణి అంటాం, కానీ ఎగురుతున్న హాక్ మాత్ ఛాతీ కూడా 40 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చల్లటి పొద్దున అది ఎగరబోయే ముందు ఆకు మీద కూర్చుని గజగజ వణుకుతుంది. భయం కాదు, ఎగిరే కండరాలు కాచుకుంటోంది. ఎండ ముదిరితే ఛాతీలో వేడి రక్తాన్ని కడుపులోకి పంపి చల్లార్చుకుంటుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే పొయ్యి దగ్గర చేరాయి. కాకపోతే పక్షి ఆ పొయ్యిని రాత్రీ పగలూ మండిస్తుంది, మాత్ ఎగిరేటప్పుడే వెలిగిస్తుంది.

ఏది మొనగాడు అన్నారు. గాలిలేని చోట నిలబడటమే పోటీ అయితే మాత్‌దే గెలుపు, అది వెనక్కి కూడా ఎగురుతుంది, రామదాసు అలా ఎగరలేదు. నా మనసు మాత్రం ఆ పక్షి మెడ దగ్గరే ఆగిపోతుంది. ఎలుక కనబడ్డాక కాళ్లు కిందకి వేలాడేసి, రెక్కలు పైకి నిలబెట్టి, మెట్లు దిగినట్టు ఆగి ఆగి దిగుతుంది. ఆ దిగడంలో కూడా తల చూపు తప్పదు.

మీరు చెయ్యగలిగేవి రెండు చెబుతాను. మీ కుండీల్లో గంధరాజం మొక్క కూడా ఉందన్నారు. ఈ మాత్ పిల్లలు తినేది ఆ ఆకులే. కాఫీ, గంధరాజం, నూరువరహాలు అన్నీ ఒకే కుటుంబం. అరకు కాఫీ తోటల్లో కనిపించేదీ ఈ కుటుంబం ఆకులు తినే పురుగే. గంధరాజం ఆకులు కొరికేసి, తోక చివర చిన్న కొమ్ము ఉన్న లావుపాటి గొంగళి పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. ఆ కొమ్ము గుచ్చుకోదు, విషమూ లేదు. మొక్క మళ్లీ చిగురిస్తుంది. కుండీలో ఎండుటాకులు పూర్తిగా ఊడ్చెయ్యకండి, అది గూడు కట్టుకునేది మట్టి మీదా ఆ ఆకుల మాటునే.

రెండోది మీ అబ్బాయికి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి మాత్‌ని తియ్యమనండి. సెకనుకి 240 బొమ్మలు తీసే ఫోన్ అయితే ఒక్కో రెక్క దెబ్బకి మూడు నాలుగు బొమ్మలు పడతాయి, రెక్క తిరగేయడం కంటికి దొరుకుతుంది. తర్వాత మేడ మీద ఒక అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూడమనండి. ఆ సమయానికి వెనక ప్లాట్ల మీద రామదాసు నిలబడి ఉంటే దాని ముక్కు ఎటు ఉందో రాసుకోమనండి. పొద్దున ఒకసారి, సముద్రపు గాలి వచ్చాక ఒకసారి, వారం రోజులు. పొగ పోయే దిక్కుకి ముక్కు ఎదురుగా లేని రోజు ఒక్కటైనా వస్తే నాకు తప్పకుండా రాయండి, నేనే మధురవాడ వచ్చి చూస్తాను.